వెనక చిన్న చక్రాలు తీసేశామన్నారు కదా, అక్కణ్నుంచే మొదలుపెడదాం

ప్రశ్న

పేరు వేయొద్దని కోరిన ఒక పాఠకురాలు చాలా వివరంగా రాశారు. కుదించి ఇస్తున్నాం.

ఆమెకు 57 ఏళ్లు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ బలహీనపడ్డాయి. కాలిపర్లు, ఊతకర్రలతోనే చదువుకున్నారు, ఉద్యోగం చేశారు, కూతుర్ని పెంచారు. మూడేళ్ల నుంచి భుజాల నొప్పి. ఊతకర్రలు తగ్గించమని, చేత్తో చక్రాలు తిప్పుకునే కుర్చీ కూడా వద్దని డాక్టర్ చెప్పడంతో, పోయినేడు మడతపెట్టే ఎలక్ట్రిక్ వీల్‌చైర్ కొన్నారు. బ్యాటరీతో కలిపి 26 కిలోలు. బ్యాటరీ మీద 24 వోల్టులు, 20 ఆంపియర్ అవర్ అని ఉంది. ఇంట్లో, చుట్టుపక్కల తిరగడానికి బాగానే ఉంది. కారులో తీసుకెళ్లాలంటేనే వస్తోంది చిక్కంతా. డిక్కీలోకి ఎత్తేది 63 ఏళ్ల భర్త.

“ఎత్తాక ఆయన ఏమీ అనరు. నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్క నిమిషం అలాగే నిలబడతారు. అది చూశాక నాకు ఎక్కడికీ వెళ్లాలనిపించదు. ఈమధ్య ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకుంటున్నాను. కుర్చీ అంటే నాకు భయం పట్టుకుందని మావారు అనుకుంటున్నారు. కొంచెం భయం ఉన్నమాటా నిజమే” అని రాశారు. ఒక ఆఫీసు ర్యాంపు ఎక్కుతుంటే కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయట. వెనకున్న భర్త పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. అదే పేరాలో, ఏదో మాటవరసకన్నట్టు, “డిక్కీలో పట్టడం లేదని వెనకుండే రెండు చిన్న చక్రాలు తీసేశాం. మిగతాదంతా మామూలుగానే ఉంది” అన్నారు.

మూడు నెలల్లో కూతురి కాన్పు. విమానంలో వెళ్లి నెల రోజులు ఉండాలి. “కుర్చీ ఎందుకమ్మా, ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ ఇస్తారు, ఇక్కడ మేమున్నాం కదా” అంటోంది కూతురు. ఇది అమ్మేసి 15 కిలోల కార్బన్ ఫైబర్ కుర్చీ కొందామంటున్నారు భర్త. “కుర్చీ లేకుండా నెల రోజులంటే, ఎవరైనా లేపితే లేవాలి, కూర్చోబెడితే కూర్చోవాలి. సాయం చేయడానికని వెళ్లి నేనే ఇంకో పసిపిల్లనవుతాను. అలాగని అంత డబ్బు పెట్టి కొత్తది కొనమని అనలేకపోతున్నాను. ఏం చేయమంటారు?” ఇదీ ఆమె ప్రశ్న.

జవాబు

అమ్మా, మీ ఉత్తరంలో బరువు, భయం, బ్యాటరీ మూడూ కలిసి చిక్కుపడ్డాయి. కొత్తది కొంటే మూడూ తీరిపోతాయని మీవారి ఆశ. అసలు కుర్చీయే వద్దనుకుంటే మూడూ ఉండవని మీ అమ్మాయి లెక్క. విడివిడిగా చూస్తే భయానికి కారణం మీరే రాశారు, దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. బరువు సంగతి సగం మెళకువతో, సగం ఏర్పాటుతో తేలుతుంది. బ్యాటరీ ఒక్కటే, విమానం నిబంధనల వల్ల, బతిమాలితే లొంగేది కాదు.

ముందు ఆ వెనక చక్రాలు. ఈసారి కుర్చీలో కూర్చునేలోపే వాటిని బిగించేయండి. ర్యాంపు ఎక్కేటప్పుడు మీ బరువు వెనక్కి వాలుతుంది. అదే క్షణంలో మోటార్లు పెద్ద చక్రాలను ముందుకు తోస్తాయి. రెండూ కలిస్తే ముందు భాగం లేస్తుంది. అలా లేవబోయినప్పుడు వెనక నేలకు ఆని, కుర్చీ వెల్లకిలా పడకుండా ఆపేవి ఆ రెండు చిన్న చక్రాలే. కాబట్టి ఆ రోజు తప్పు మీది కాదు, మీ చేతిది కాదు, ర్యాంపుది కూడా కాకపోవచ్చు.

మీరు రాయని రెండు విషయాలు మాత్రం గుర్తుచేసుకోండి. ఆ రోజు వీపు వెనక సంచి తగిలించి ఉందా? నాలుగైదు కిలోల సంచి అక్కడ వేలాడితే కుర్చీ పడే అవకాశం బాగా పెరుగుతుంది. సంచి సీటు కింద గానీ ఒళ్లో గానీ ఉండాలి. ఇక ర్యాంపు మధ్యలో ఆగి మళ్లీ బయల్దేరారా? వేగం నాలుగులోనో ఐదులోనో పెట్టి, కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ ఒక్కసారిగా ముందుకు నెడితే కుర్చీ ఎగిరిపడ్డట్టు లేస్తుంది. ఎక్కేటప్పుడు వేగం ఒకటిలో గానీ రెండులో గానీ పెట్టుకుని, నడుం కాస్త ముందుకు వంచి, కింద నుంచి పైదాకా ఆగకుండా నిదానంగా వెళ్లాలి. ర్యాంపు మీద అడ్డంగా తిరగకూడదు. అలా తిరిగితే పక్కకు పడే ప్రమాదం ఉంది, పక్కకు పడితే ఆపడానికి ఏ చక్రమూ లేదు. దిగేటప్పుడు వేగం ఒకటి, బెల్టు తప్పనిసరి. జాయ్‌స్టిక్ ఒక్కసారిగా వదలకుండా మెల్లగా మధ్యకు తెచ్చుకోండి.

ర్యాంపు ఏటవాలు చూసే పద్ధతి కూడా తెలుసుకోండి. కుర్చీలో కూర్చున్నవారు సొంతంగా ఎక్కడానికి అందరూ ఒప్పుకునే కొలత ఒకటికి పన్నెండు. అంటే 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్ల పొడవు ర్యాంపు, సుమారు 5 డిగ్రీల వాలు. మీ కుర్చీ ఎన్ని డిగ్రీలు ఎక్కగలదో పుస్తకంలో ఉంటుంది. మోటారుకు లాగే శక్తి ఉన్నంత మాత్రాన కుర్చీ పడకుండా నిలబడుతుందని కాదు, అందుకని ఆ అంకె చివరిదాకా పరీక్షించకండి. చూడగానే నిటారుగా అనిపించే ర్యాంపు దగ్గర, ఎవరైనా వెనక చేతిపిడి పట్టుకుని ఉంటేనే ఎక్కండి.

మోటార్ల దగ్గరుండే లీవర్ల సంగతి మీవారికి కూడా తెలియాలి. వాటిని ఒకవైపు తిప్పితే మోటారు చక్రాన్ని పట్టుకుంటుంది, రెండోవైపు తిప్పితే వదిలేస్తుంది. వదిలేసినప్పుడు కుర్చీని చేత్తో తోసుకోవచ్చు. కానీ ఈ కుర్చీలకు బ్రేకులు మోటార్లలోనే ఉంటాయి కాబట్టి, అప్పుడు బ్రేకనేదే ఉండదు. వాలు మీద, మీరు కూర్చుని ఉండగా, ఎవరూ ఆ లీవర్లు ముట్టుకోకూడదు. కుర్చీ ఆన్ చేయగానే కీచుకీచుమంటూ కదలకపోతే, ముందు చూడాల్సింది కూడా వాటినే. ఒక్క లీవర్ వదిలేసిన వైపు ఉన్నా చాలా కుర్చీలు కదలవు.

“డిక్కీలో పట్టడం లేదు” అన్నది నిజమే కావచ్చు. చాలా మోడళ్లలో ఆ చక్రాలు నొక్కితే ఊడే పిన్నుతో వస్తాయి, పానా అక్కర్లేదు. అలాంటివైతే ఎక్కించే ముందు తీసి ఒక చిన్న సంచిలో వేసి, ఆ సంచిని సీటు మీదే కట్టేయండి. అప్పుడు దాన్ని విప్పకుండా మీరు కూర్చోలేరు, కాబట్టి తిరిగి బిగించడం మరిచిపోయే అవకాశం ఉండదు. బోల్టులతో బిగించినవైతే వెనక సీటులో సగం మడిచి కుర్చీని పొడవుగా తోసి చూడండి. అలాగా పట్టకపోతే పిన్ను రకం దొరుకుతుందేమో తయారీదారును అడగండి. అవి లేకుండా మాత్రం తిరగొద్దు.

ఇక 26 కిలోలు. పని భద్రతకు బ్రిటన్‌లో ఇచ్చే మార్గదర్శకం ప్రకారం, మగవారు నడుం ఎత్తులో, ఒంటికి ఆనించి పట్టుకుంటే 25 కిలోలదాకా ఫరవాలేదు. నేల దగ్గర నుంచి, చేతులు చాచి ఎత్తితే అది 5 కిలోలకు పడిపోతుంది. డిక్కీలోకి ఎత్తేటప్పుడు జరిగేది ఈ రెండోదే. బంపరు అడ్డం వస్తుంది, చేతులు చాస్తారు, నడుం వంగుతుంది, పైగా మెలి తిరుగుతుంది. మీవారు నడుం పట్టుకుని నిలబడటంలో వింతేమీ లేదు. ముందు దించాల్సిందల్లా దించండి. అంత సామర్థ్యమున్న బ్యాటరీ మామూలుగా 3 కిలోల పైచిలుకు ఉంటుంది. మెత్త, తలగడ, సీటు కింది సంచి కలిపితే ఇంకో కిలో రెండు కిలోలు. ఇంట్లో బరువు తూచే మిషన్ ఉంటే ఒక్కొక్కటీ దాని మీద పెట్టి ఇద్దరూ కలిసి చూడండి. ఎక్కడ ఎంత ఉందో కళ్లతో చూస్తే మాట్లాడుకోవడం కూడా తేలికవుతుంది.

తర్వాత ఎత్తే పద్ధతి. మొత్తం కుర్చీని ఒక్కసారిగా గాల్లోకి లేపాల్సిన పనే లేదు. మడిచాక దానికి ఒక బరువు కొస, ఒక తేలిక కొస ఉంటాయి. మోటార్లున్న వైపు బరువు. డిక్కీ అంచు మీద మందపాటి దుప్పటి పరవండి. లీవర్లు పట్టుకునే వైపే ఉంచండి, లేకపోతే సగం ఎత్తాక చక్రాలు జారి కుర్చీ వెనక్కి వచ్చేస్తుంది. తేలిక కొసను ముందు అంచు మీదికి వాల్చి ఆనించాలి. ఇప్పుడు సగం బరువు కారుదే. ఆ తర్వాత మోకాళ్లు వంచి, బరువు కొసను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేచి, దుప్పటి మీద లోపలికి తోసేయాలి. మొత్తం మీద ఆయన చేతుల్లో పడేది 26 కిలోలు కాదు, బ్యాటరీ తీసేశాక మిగిలిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువ. దించేటప్పుడు తిరగేసి ఇదే పని. బరువు కొస ముందు నేలకు దిగాలి, రెండోది చివరిదాకా అంచు మీదే ఆని ఉండాలి. జాయ్‌స్టిక్ కింద పడేలా కుర్చీని పడుకోబెట్టకండి.

దారిలో ఎవరినైనా సాయం అడిగితే చాలామంది ముందు చేతులేసేది మీరు చేతులు ఆనించుకునే పక్క పిళ్ల మీద. అవి పైకి లేచిపోతాయి, ఒక్కోసారి ఊడొస్తాయి. ఫ్రేములో గట్టిగా ఉండే రెండు చోట్లు చూసి రంగు టేపు చుట్టండి. “టేపున్న చోట పట్టుకోండి” అంటే కొత్తవాళ్లకు కూడా అర్థమవుతుంది.

డిక్కీకి ర్యాంపు పెట్టొచ్చు కదా అని ఎవరైనా అంటారు. లెక్కేసి చూడండి. అంచు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, ఒకటికి నాలుగు వాలు పెట్టినా దాదాపు 2.9 మీటర్ల పలక కావాలి. అది 14 డిగ్రీలు, చాలా కుర్చీలు ఎక్కగలిగే వాలుకు మించినది. ఆ పలక దాచేందుకు కూడా చోటుండదు. వెనక తలుపు పెద్దదిగా, నేల కిందికి ఉండే వాహనాలకే ర్యాంపు. మీ కారుకు నిజంగా పనికొచ్చేది డిక్కీ పక్కన బిగించే చిన్న ఎలక్ట్రిక్ హాయిస్టు. స్విచ్ నొక్కితే ఎత్తుతుంది, మీవారు పట్టుకుని దారి చూపిస్తే చాలు. ఖర్చవుతుంది, డిక్కీలో కొంత చోటు పోతుంది, కారు మారిస్తే తీసి మళ్లీ బిగించాలి. కానీ రేపు ఆయనకు 70 ఏళ్లొచ్చినా పనిచేసేది అదే. కొత్త కుర్చీకి పెట్టాలనుకుంటున్న డబ్బు పక్కన దీని ఖర్చు కూడా పెట్టి చూసుకోండి.

ఒక జాగ్రత్త. డిక్కీలో పెట్టే బాధ తప్పుతుందని, వ్యాను లాంటిది మాట్లాడుకుని కుర్చీలో కూర్చునే ప్రయాణం చేయాలనిపించవచ్చు. వాహనంలో సీటుగా వాడటానికి ఐఎస్‌ఓ 7176-19 అనే పరీక్ష నెగ్గిన కుర్చీలు వేరే ఉన్నాయి, మడత కుర్చీల్లో అవి తక్కువ. మీ పుస్తకంలో ఆ మాట లేకపోతే కారు సీట్లోకి మారి బెల్టు పెట్టుకోవాల్సిందే. ఎండలో నిలిపిన కారులో బ్యాటరీ వదలొద్దు. వేడెక్కిన బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌కు పెట్టొద్దు, చల్లారాక పెట్టండి.

కార్బన్ ఫైబర్ కుర్చీ గురించి. చెడ్డ ఆలోచనేమీ కాదు, కానీ మీవారు ఒక్క అంకె చూసి ముచ్చటపడుతున్నారు. ప్రకటనల్లో ఆ 15 కిలోలు తరచూ బ్యాటరీ లేకుండా చెప్పేది. బ్యాటరీతో, మెత్తతో, వెనక చిన్న చక్రాలతో ఎంతో అడగండి. తేలిక కుర్చీకి బ్యాటరీ కూడా చిన్నదే ఇస్తారు, కాబట్టి తిరిగే దూరం తగ్గుతుంది. ముందు చక్రాలు చిన్నవైతే గడప దగ్గర, గతుకు దగ్గర ఇరుక్కుంటాయి. కుర్చీ తేలికయ్యేకొద్దీ మొత్తం బరువులో మీ బరువు వాటా పెరుగుతుంది, మీరు వెనక్కి వాలితే దానికి కూడా తేడా ఎక్కువ తెలుస్తుంది. ర్యాంపు భయం తగ్గాలని కొంటే అది పెరగొచ్చు. సీటు కూడా చూడండి. పలచటి గుడ్డ సీటు మీద గంటలకొద్దీ కూర్చుంటే తుంటి కింద చర్మం ఎర్రబడుతుంది. మంచి మెత్త వేస్తే ఎత్తు పెరిగి, పాదాలు ఆనే పలక, చేతులు ఆనే పిళ్లు సరిపోవు. కొనేదుంటే మీ కారు వెంట తీసుకెళ్లి, డబ్బు కట్టకముందే, మీవారు తన చేత్తో మడిచి, ఎత్తి, మీ డిక్కీలో పెట్టి చూడాలి. డిక్కీ లోపల ఎంత చోటుందన్నదానికన్నా దాని నోరు ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అన్నదే ముఖ్యం. ముందుకు వెనక్కి మడిచే రకాల్లో వెడల్పు తగ్గదు, 60 సెంటీమీటర్ల దగ్గరే ఉండిపోతుంది.

నా అభిప్రాయం అడిగితే, పైన చెప్పినవి రెండు వారాలు చేసి చూడకుండా కొనకండి. చేసినా ఆయన నడుం పట్టేస్తోందంటే అప్పుడు హాయిస్టా, కొత్త కుర్చీయా అన్నది తేల్చుకోవచ్చు. కొంటే ‘ఆయన ఎత్తలేకపోతున్నారు’ అన్న కారణంతో కొనండి. ‘ఆమె భయపడుతోంది’ అనుకుని కాదు. ఆ రెండు కారణాలకు కొనే కుర్చీలు వేరువేరు.

ఇక్కడే మీరు దాచిన మాట అడ్డం పడుతోంది. ఆయన నొప్పి చూడలేక మీరు ఒంట్లో బాగాలేదంటున్నారు. మీరు భయపడుతున్నారని ఆయన కొత్తది కొందామంటున్నారు. చెప్పకుండా నెట్టుకురావచ్చు, చాలా ఇళ్లల్లో జరిగేది అదే. కానీ ఆయన తప్పు కారణానికి పెద్ద ఖర్చు పెడతారు, మీరు మెల్లమెల్లగా బయటికి వెళ్లడమే మానేస్తారు. చెప్పాలనుకుంటే కారు దగ్గర, ఎత్తిన వెంటనే చెప్పకండి. అప్పుడు ఏమన్నా ‘నీకేం చేతకాదు’ అన్నట్టు వినిపిస్తుంది. ఇంట్లో, ఆ తూకం వేసేటప్పుడు, “మీ నడుం చూసి నేను మానేస్తున్నాను, భయంతో కాదు” అని ఒక్క వాక్యం చాలు. “నాకేం కాలేదు” అంటారు బహుశా. అననీయండి. “అయితే ఈసారి రెండు విడతల్లో ఎత్తి చూడండి” అని పనిలోకి దించండి. మరీ కష్టంగా ఉన్న రోజు ఎత్తకుండా ఉండేందుకు ఆయనకూ ఒక దారి ఉండాలి. ఎవరిని పిలవాలో, ఏ చోట్లకు కుర్చీ లేకుండా ఊతకర్రలతో సరిపెట్టుకోవచ్చో ముందే అనుకోండి. దానిలో మీ భుజాల లెక్క కూడా ఉంది, అది మరవకండి.

ఇక విమానం. మీ బ్యాటరీ 24 వోల్టులు, 20 ఆంపియర్ అవర్. రెండూ గుణిస్తే 480 వాట్ అవర్. వాడేవారే ఊడదీసుకునేలా తయారైన లిథియం అయాన్ బ్యాటరీని కుర్చీ నుంచి తీసి ప్రయాణికుల క్యాబిన్‌లోకి తీసుకెళ్లాలి, అది 300 వాట్ అవర్‌కు మించకూడదు. కుర్చీకి రెండు బ్యాటరీలుంటే ఒక్కోటి 160కి మించకూడదు. అంతర్జాతీయంగా విమానయాన సంస్థలు పాటించే లెక్క ఇది. కుర్చీలోనే గట్టి పెట్టెలో బిగించి ఉండే బ్యాటరీలకు నిబంధన వేరు, మీది ఊడొచ్చే రకం కాబట్టి అది వర్తించదు. అంటే ఉన్నదున్నట్టుగా మీ బ్యాటరీ విమానం ఎక్కదు. కౌంటరు దగ్గర బతిమాలడానికి కూడా ఆస్కారం లేదు.

దీనికి దారులున్నాయి. మొదటిది, మీ మోడల్‌కే తయారీదారు ఇచ్చే చిన్న బ్యాటరీ. 24 వోల్టులు, 12 ఆంపియర్ అవర్ అయితే 288, సరిపోతుంది. మీరిప్పుడు తిరిగే దూరంలో 60 శాతమే వస్తుంది, కానీ ఇంట్లో మనవడి చుట్టూ తిరగడానికి, సాయంత్రం ఒకసారి బయటికి వెళ్లడానికి అది చాలు. ప్లగ్గు సరిపోయింది కదా అని బయట ఎవరో కట్టిచ్చిన బ్యాటరీ మాత్రం పెట్టొద్దు. ర్యాంపు ఎక్కేటప్పుడు రెండు మోటార్లూ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. చిన్న ప్యాకులోని రక్షణ సర్క్యూట్ దానికి తగ్గది కాకపోతే సగం ర్యాంపులో కరెంటు ఆపేస్తుంది, కుర్చీ ఉన్నచోటే బిగుసుకుంటుంది. పైగా వాట్ అవర్ ముద్ర, పరీక్ష పత్రం లేని బ్యాటరీని విమానంలోకి రానివ్వరు.

రెండోది, అక్కడ అద్దెకు తీసుకోవడం. ఎయిర్‌పోర్టులో వాళ్ల వీల్‌చైర్, మీ అమ్మాయి ఇంట్లో అద్దె కుర్చీ. బ్యాటరీ బెడద ఉండదు, మీవారి నడుముకూ పని లేదు. కానీ సీటు వెడల్పు, లోతు, జాయ్‌స్టిక్ ఏ చేతివైపు ఉండాలి అన్నవి ముందే చెప్పాలి. మీ కుర్చీని కొలిచి ఆ అంకెలు అమ్మాయికి పంపండి. మూడోది అమ్మాయి చెప్పినట్టే అసలు కుర్చీ లేకుండా వెళ్లడం. రెండు మూడు రోజులకైతే సరే. నెల రోజులైతే, మీరే రాసినట్టు, ప్రతిదానికీ పిలవాలి, ఆ పిలుపు అందుకోవాల్సింది బాలింత. ఆమెకు ఈ మాట ఇలాగే చెప్పండి, ఒప్పుకుంటుంది. ఏ దారైనా సరే, ఆ ఇంట్లో బాత్రూం తలుపు వెడల్పు, గడపల ఎత్తు ముందే కొలిపించండి. 60 సెంటీమీటర్ల కుర్చీకి 62 సెంటీమీటర్ల తలుపంటే రోజూ వేళ్లు గీసుకోవడమే. గడప 4, 5 సెంటీమీటర్లు దాటితే చిన్న చెక్క వాలు వేయించమనండి.

మీ కుర్చీతోనే వెళ్లేటట్టయితే టికెట్ తీసుకున్న రోజే విమానయాన సంస్థకు చెప్పండి. ఎంత ఆలస్యమైనా 48 గంటల ముందు. లిథియం బ్యాటరీ కుర్చీ అని, మడిచినప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తు, బ్యాటరీతో బరువు, లేకుండా బరువు, వాట్ అవర్ ఎంతో రాసి పంపి, అనుమతి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోనులో ‘సరే మేడమ్’ అన్న మాట కౌంటరులో పనికిరాదు. మీకు ఎంత సాయం కావాలో కూడా వాళ్ల భాషలోనే చెప్పండి. మెట్లెక్కగలిగి, కొద్ది దూరం నడవగలిగితే డబ్ల్యూసీహెచ్‌ఆర్. మెట్లెక్కలేరు గానీ లోపల సీటుదాకా నడవగలరంటే డబ్ల్యూసీహెచ్‌ఎస్. అసలు నడవలేకపోతే డబ్ల్యూసీహెచ్‌సీ, అప్పుడు విమానం లోపల వాడే సన్నటి కుర్చీలో సీటుదాకా తీసుకెళ్తారు. మొహమాటపడి తక్కువ చెబితే మెట్ల దగ్గర ఇబ్బంది పడేది మీరే.

ఆ రోజు విమానం తలుపుదాకా మీ కుర్చీలోనే వెళ్తానని అడగండి. అక్కడ పవర్ ఆపి, ఆ తర్వాతే లేవండి. పవర్ ఆన్‌లో ఉండగా లేస్తే చీర కొంగో, సంచి పట్టీయో జాయ్‌స్టిక్‌కు తగులుకుని కుర్చీ కదలడం మామూలుగా జరిగే ప్రమాదం. లేచేటప్పుడు పాదాల పలక మీద నిలబడొద్దు, కుర్చీ ముందుకు బోర్లా పడుతుంది. తర్వాత బ్యాటరీ తీసి, దాని కరెంటు కొసలకు టేపు అతికించి లేదా మూత పెట్టి, విడిగా ఒక సంచిలో వేసుకోండి. అది మీ చేతి సామానుతోనే ఉండాలి, కింద సామానులో వేయకూడదు. జాయ్‌స్టిక్ ప్లగ్గుతో ఊడేదైతే అదీ తీసి వెంట ఉంచుకోండి. ఊడకపోతే బుడగల ప్లాస్టిక్ చుట్టి కట్టండి, ఎక్కువగా విరిగేది అదే. మెత్త, వెనక చిన్న చక్రాలు కూడా మీతోనే. కుర్చీకి పెద్ద అక్షరాలతో ఒక కాగితం కట్టండి: బ్యాటరీ తీసేశాం, తోయాలంటే ఈ లీవర్లు ఇటు తిప్పండి, టేపున్న చోట పట్టుకోండి, ఈ వైపు పైకి ఉండాలి. లీవర్ల సంగతి తెలియక చక్రాలు కదలని కుర్చీని ఈడ్చుకుపోతే మోటార్లు పాడవుతాయి. మడిచే చోట జాయ్‌స్టిక్ తీగ నలగకుండా చూసుకోండి. దిగాక ‘ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు’ అన్న ఫిర్యాదుకు ముందు అనుమానించాల్సింది ఆ తీగనే. కట్టేముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి.

దిగేటప్పుడు కుర్చీ విమానం తలుపు దగ్గరికే తెచ్చివ్వమని ఎక్కేటప్పుడే చెప్పి ఉంచండి, లేకపోతే సామాను బెల్టు దగ్గరికి పోతుంది. చేతికి రాగానే బ్యాటరీ పెట్టి, వెనక చక్రాలు బిగించి, వేగం ఒకటిలో పదడుగులు నడిపి, ఎడమకు కుడికి తిప్పి చూడండి. ఎక్కడైనా వంగినా, విరిగినా ఎయిర్‌పోర్టు దాటకముందే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి దాని నెంబరు తీసుకోండి. ఇంటికెళ్లాక చెబితే అది ఎక్కడ విరిగిందో నిరూపించడం కష్టం. తిరుగు ప్రయాణానికి కూడా మళ్లీ 48 గంటల ముందు చెప్పాలి. వెళ్లేటప్పుడు ఇచ్చిన అనుమతి దానికి పనికొస్తుందని అనుకోవద్దు.